ఆగితే నేనే

"ఆ నంబరు మనిషి చచ్చిపోయి ఏడాది దాటింది," అన్నాడు యుగేందర్. "అయినా మొన్నటిదాక రోజూ పొద్దుగాల ఆ నంబరుకు ఫోన్ పోయింది. నువ్వే చెప్పు చెల్లె, చచ్చినోడు ఫోన్ ఎత్తుతడా?"

జనగామలో ఆ భవనానికి బోర్డు లేదు. మూడు జిల్లాల ఫోన్లు అక్కడి వెనుక గదిలో కూర్చుని వింటారని డిపార్ట్‌మెంటులో అందరికీ తెలుసు. పైకి మాత్రం ఎవరూ అనరు. సబ్ ఇన్‌స్పెక్టర్ రేణుక పొద్దున్నే మహబూబాబాద్ నుంచి బయల్దేరి వచ్చి, ఆ గదికి ముందున్న గదిలో కూర్చుంది. ఎదురుగా కూర్చున్న ఇన్‌స్పెక్టర్ యుగేందర్‌దీ ఆమెదీ ఒకే బ్యాచ్. శిక్షణలో ఉన్నప్పుడు చెల్లె అని పిలిచేవాడు. పిలుపు అట్లాగే ఉంది. మనిషే ఒక మెట్టు పైకెక్కి కూర్చున్నాడు.

ఆమె వచ్చింది కుమార్ అనే పిల్లవాడి కోసం. డోర్నకల్‌లో రైలు పట్టాల మీద కాంట్రాక్టు కూలి. నాలుగు రోజుల కింద పని దిగి టీ తాగుతుంటే, మఫ్టీలో ఉన్న ఇద్దరు కారెక్కించుకుని పోయారని అతనితో పనిచేసే లక్ష్మా ఫిర్యాదు ఇచ్చాడు. అప్పటి నుంచి మనిషి జాడ లేదు, ఫోను మోగదు.

"ఎత్తలేదు గద సార్," అంది రేణుక, ముందున్న కాగితం మీద కుమార్ ఫోన్ల జాబితా చూస్తూ. "అన్నిటికీ మాట్లాడిన టైము సున్నానే ఉన్నది."

"నేననేది గూడ గదే. తెల్లారంగనే ఒకటి. జరసేపాగి ఇంకోటి. ఎంటనే మూడోది. ఇగ సప్పుడు లేదు. రోజూ గదే వరుస. ఆ నంబరు యాడుంది? రేగొండ అవతల, చేన్ల నడుమ. ఊళ్లె సుత గాదు. మాట లేదంటే ఏందన్నట్టు? సైగ అన్నట్టు."

"నంబరు ఎవలిది?"

"వాని అన్న ప్రశాంత్‌ది. గనికి భూములు తీసుకునేటప్పుడు ఊరోళ్లను ఎంటేసుకొని తిరిగిండు. అప్పుడే మా లిస్టుల ఎక్కిండు. తర్వాత కరెంటు కొట్టి పోయిండు."

"పోయినంక పేరు తియ్యలేదా?"

"ఎక్కిచ్చుడు మా పని. తీసుడు ఎవలి పనో నాకు తెల్వదు."

"కుమార్ మీ దగ్గర ఉన్నడా సార్?"

"మేం గూడ ఎతుకుతున్నం."

"ఫోను?"

"మనిషే దొరకనప్పుడు ఫోనెక్కడిది? దొరికినా ఏం లాభం? రబ్బరుబ్యాండు సుట్టిన ఆ మీటల ఫోన్ల ఏముంటది?"

రేణుక తల ఎత్తలేదు. వెనుక మూత ఊడిపోతుంటే కుమార్ రబ్బరుబ్యాండు చుట్టి వాడుకునేవాడని లక్ష్మా మాటల్లో మాటగా చెప్పాడు. ఆమె దాన్ని ఫిర్యాదులో రాయలేదు. ఫోన్ల జాబితాలో రబ్బరుబ్యాండు కనబడదు. ఫోను చేతిలోకి తీసుకున్నవాడికే కనబడుతుంది.

ఆమె తన ఫోను తీసి, చనిపోయిన మనిషి నంబరు కొట్టి, బల్ల మీద పెట్టింది. రెండుసార్లు మోగి తెగిపోయింది.

"సూసిండ్రా సార్. నన్ను గుర్తుపట్టలేదు. కుమార్ ఫోన్ నుంచి చేస్తేనే పలుకుతదేమో. మీకు దొరికితే ఒకసారి చేసి సూడున్రి."

ఎర వేసి లేచింది. తప్పిపోయిన మనిషి ఫోను ఎక్కడ వెలిగినా తనకు కబురు రావాలని ఆమె పొద్దున్నే కాగితం మీద సంతకం పెట్టి వచ్చింది. ఎదుటివాళ్ల ఫోను మీద కన్నేయడానికి తనూ ఒక సంతకం పెట్టింది. ఆ సంగతి లోపల ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

తలుపు దగ్గరకు పోయాక వెనుక నుంచి యుగేందర్ గొంతు మెత్తగా వచ్చింది.

"పాపకు జరం తగ్గిందా చెల్లె? రాత్రి జోల బాగ పాడినవ్. మా అవ్వ యాదికొచ్చింది."

కూతురు కీర్తనకు జ్వరమని రేణుక స్టేషన్లో ఎవరికీ చెప్పలేదు. పొద్దుపోయాక బందోబస్తులో చెట్టు కింద నిలబడి, పిల్లను ఎత్తుకున్న తల్లితో ఫోన్లో మాట్లాడింది. పిల్ల ఏడుపు ఆపకపోతే, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, నాలుగు ముక్కలు పాడింది. ఎవరూ లేరనే అనుకుంది.

ఆమె వెనక్కి తిరగకుండానే బయటికి నడిచింది.

జీపు జనగామ దాటకముందే తల్లి ఫోన్ చేసింది. రేణుక ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది.

"సిరప్ పోసిన, కక్కుకున్నది. మల్ల పొయ్యాల్నా? ఏందే, పలుకవు?"

"ఊఁ."

"ఊఁ అంటే పొయ్యాలనా, వద్దనా? గొంతు పోయిందా నీకు?"

వెనుక నుంచి పిల్ల, "అమ్మా, పాట," అంది. ఒళ్లు కాలుతున్న పిల్ల గొంతు అది, కాస్త బొంగురుగా. రేణుక నోరు తెరిచింది. ఇంకెవరో కూడా చెవులు పెట్టి వింటున్నట్టు అనిపించి, ఫోను కట్ చేసింది.

"సిగ్నల్ లేదా మేడం?" అన్నాడు జీపు నడుపుతున్న కానిస్టేబుల్ పోశాలు.

"ఉన్నది పోశాలు. అదే బాధ."

కుమార్ తల్లి చంద్రమ్మ ఇంటి దగ్గర లేదు. మిర్చి చేనులో ఉందంటే అక్కడికే పోయారు. చేను ఆకులు ముడుచుకుని వాలిపోయి ఉంది. ఆమె పక్క చేనువాళ్ల బాయి దగ్గర బిందె ముంచుకుని, చెట్టుకిన్ని నీళ్లు పోస్తూ వస్తోంది. ఎకరం చేనుకు బిందెతో నీళ్లు. పోలీసు బట్టలు చూడగానే బిందె దించి, రెండు అరచేతులూ తెరిచి చూపించింది.

"నా దగ్గర ఫోన్ లేదు బిడ్డా."

ఎవరూ అడగకముందే ఆ ముసలామె నోట వచ్చిన మొదటి మాట అది.

"ఫోన్ కోసం రాలేదవ్వా. కుమార్ కోసం వచ్చిన. నాలుగు రోజుల సంది కనవడ్తలేడని మీకు కబురొచ్చిందా?"

"కబురెందుకు? నాకు ఎరుకే. నాలుగు పొద్దులాయె మోటరు నడువక."

"మోటరు సంగతి గాదవ్వా. నీ కొడుకు సంగతి అడుగుతున్న."

"నేను చెప్పేది నా కొడుకు సంగతే."

రేణుక టోపీ తీసి గట్టు మీద కూర్చుంది. పక్కన కూర్చోమంటే చంద్రమ్మ కూర్చోలేదు. నిలబడే చెప్పింది.

"పెద్దోడు ప్రశాంత్ బతికున్నప్పుడు ఇంట్ల ఫోనుండె. భూముల కొట్లాటల వాడు ఇంటికి రాకుండ తిరిగేటోడు. ఒకనాడు ఫోన్ చేస్తే, ఏం తిన్నవ్ బిడ్డా అన్న. వంకాయ కూర అన్నడు. ఉప్పెక్కువైందన్నడు. నేను ఏడిసిన. తెల్లారి ఇద్దరొచ్చి నా గడపల కూసున్నరు. 'అవ్వా, నీ కొడుకుకు రాత్రి వంకాయల ఉప్పెక్కువైందట గద' అని నవ్విండ్రు. నేనెట్ల ఏడిసిన్నో గూడ ఏడిసి సూపెట్టిండ్రు."

"మీరేం చేసిండ్రు?"

"ఆ ఫోన్ కుడితి గోలెంల పడేసిన. మల్ల ముట్టలే. మాట్లాడితె కొడుకుకే ఆపతి గద."

ఆ తర్వాతి వానకాలం ప్రశాంత్ చీకట్లో మోటరు వేయబోయి స్టార్టరు డబ్బాకు అతుక్కుపోయాడు. చంద్రమ్మ ఆ మాట చెప్పలేదు. డబ్బా ఉన్న దిక్కు చెయ్యి చూపి ఊరుకుంది. మళ్లీ తనే అందుకుంది.

"చిన్నోడు డోర్నకల్ పోయేముందు కొత్త డబ్బ పెట్టిండు. నువ్వు ఆ దిక్కు పోవద్దవ్వా, నేను ఆడికెల్లే ఫోన్ కొడ్త, మోటరు నడుస్తదన్నడు. దాంట్ల సిమ్ము ఉండాల్నట. అన్నదే ఏసిండు. అన్న నంబరు సావద్దన్నడు."

రేణుక చేతిలోని కాగితం మీద వేలు ఆగిపోయింది.

"పొద్దుగాల ఎన్నిసార్లు కొడ్తడవ్వా?"

"మూడు. చేను పారినంక బందువెట్టుడు డబ్బనే సూసుకుంటది. నడుస్తుండంగ కరెంటు పోయొస్తే మోటరు దానంతట అదే మొదలైతది. మరి నేనే ఏసిన్నని నీకెట్ల తెలుస్తది, అన్నడు. ఒకసారి ఏస్త, నువ్వు పైపుకాడికి వచ్చేదాక సూస్త, ఆపుత, మల్ల ఏస్త. ఆగితే నేనే అన్నడు. నీళ్లు ఆగంగనే నేను సుత, తిన్నవా బిడ్డా అని అడుగుత. వానికి ఇనవడదనుకో. మల్ల నీళ్లొస్తయ్. తిన్ననన్నట్టు."

యుగేందర్ తప్పు చెప్పలేదు. అది సైగే. మాట్లాడితే ముప్పని భయపడిన తల్లీ కొడుకూ మాట మానుకుని, నీళ్లతో పలకరించుకున్నారు. ఆ మౌనం కూడా జాబితాకెక్కింది.

డబ్బా చేను మూలన కర్రకు బిగించి ఉంది. వాన పడకుండా పైన యూరియా సంచి కట్టాడు. మనిషి నిలబడే చోట నేల మీద సైకిలు ట్యూబు ముక్కలు పరిచాడు. అన్న పోయిన చోట తమ్ముడు పడ్డ జాగ్రత్త అంతా అక్కడ కనిపిస్తోంది. పోశాలు మూత తీసి పట్టుకున్నాడు. లోపల పచ్చ మీట, ఎర్ర మీట, పక్కన చిన్న పెట్టెలో సిమ్ము. సిమ్ము వెనుక అంకెలూ కాగితం మీది అంకెలూ ఒకటే. పచ్చ దీపం మిణుకుతోంది. పెట్టె పలకడానికి సిద్ధంగానే ఉంది, పిలిచే చెయ్యే లేదు.

"ఇది తప్ప ఆ పిలగాని దిక్కు సాక్షం లేదు పోశాలు," అంది రేణుక. "మోటరుకు ఫోన్ చేసినోణ్ని పట్టుకపోయిండ్రని నిరూపించాల్నంటే ఈ పెట్టె ఉండాలె."

అప్పుడే బండ్ల బాట మీద తెల్ల కారు ఆగింది. యుగేందర్ ఒక్కడే దిగాడు. చంద్రమ్మను చూడలేదు, దారి అడగలేదు. గట్ల మీదుగా తిన్నగా డబ్బా దగ్గరకే నడిచొచ్చాడు. ఆ నడకను రేణుక గుర్తు పెట్టుకుంది. ఏం వెతకాలో తెలిసి వచ్చిన మనిషి నడక అది.

"ముట్టకు చెల్లె. అది నేను తీసుకపోత."

"ఎందుకు సార్?"

"దూరం నుంచి ఫోన్ కొడితే ఇక్కడ కరెంటు పారుతది. దాన్నేమంటరు?"

"మోటరు స్టార్టరంటరు."

"నేను రాసే కాగితంల బాంబు మీటంటరు. వైరు చివర మోటరుంటే స్టార్టరు. అడవి పక్కన ఊరు, భూముల కొట్లాట, చచ్చినోని సిమ్ము. వైరు చివర ఏముండెనో ఎవలు సూసిండ్రు?"

"నేను సూసిన. పోశాలు సూసిండు."

"పాపకు బాగలేదు. ఇంటికి పో చెల్లె. తల్లి దగ్గర లేకుంటే పిల్లలు పరేషానైతరు."

రేణుక డబ్బా ముందు నుంచి కదలలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ యుగేందర్ రెండోసారి గడియారం చూసుకున్నాడు. జేబులోంచి ఫోను తీసి, ఎడంగా పోయి మాట్లాడటానికి గట్టెక్కబోయాడు. ఎందుకో ఆమెకు అర్థమైంది. పొద్దున వేసిన ఎర పని చేసింది. ఫలానా టైముకు కుమార్ ఫోన్ నుంచి కొట్టమని తన మనుషులకు చెప్పి, ఏమవుతుందో చూడటానికి వచ్చాడు. ఇక్కడ తను ఉండేసరికి ఇప్పుడు ఆపమని చెప్పబోతున్నాడు.

ఆపనివ్వకూడదు.

"బాలనర్సయ్య బాపు మంచిగున్నడా సార్?" అంది.

గట్టు మీద పెట్టిన కాలు అక్కడే ఆగింది. "మా బాపునెందుకు నడుమల తెస్తవ్?"

"తరిగొప్పులల మీ బాయికాడ ఇసొంటి డబ్బనే ఉన్నది గద. శిక్షణల మీరే చెప్పిండ్రు. మా బాపుకు మోకాళ్లు నొస్తయ్, పొద్దుగాల లేవంగనే నేనే మోటరుకు ఫోన్ కొడ్త అని. మీ ఫోన్ గూడ సున్నానే పడతది సార్. మీరెన్నడు సూసుకోలేదా?"

"మన లిస్టు మనమెందుకు సూసుకుంటం," అన్నాడు యుగేందర్. ఆ మాట ఆమెతో అన్నట్టు లేదు. చేతిలో ఫోను పట్టుకుని, నొక్కకుండా, మిణుకుతున్న పచ్చ దీపాన్నే చూస్తున్నాడు.

డబ్బాలో టక్కుమంది. బాయిలో మోటరు గుర్రుమని లేచింది. పైపు రెండుసార్లు దగ్గి, నీళ్లు కక్కింది.

చంద్రమ్మ బిందె వదిలేసింది. మిర్చి చెట్ల నడుమ కొంగు తట్టుకుంటుంటే దాన్ని నడుముకు దోపుకుంటూ పరుగెత్తి వచ్చి, పైపు మూతి దగ్గర నిలబడింది. "వచ్చిండు బిడ్డా. నా కొడుకే. సూడున్రి, ఇప్పుడు ఆగుతది."

రేణుక ఫోనులో కబురు పడింది. కుమార్ ఫోను వెలిగింది. టవరు జనగామ. ఆమె ఆ అక్షరాలను యుగేందర్ ముఖం ముందు పెట్టింది.

"మీ వెనుక గది సార్. ఫోన్ దొరికింది. మనిషేడి?"

యుగేందర్ గట్టు మీద కూలబడ్డాడు. ఇస్త్రీ మడత చెదరని ప్యాంటు మట్టిలో కూరుకుంది.

"నేను లోపల లేను చెల్లె," అన్నాడు. "మా పోరగాండ్లు అడిగిండ్రు. ఆ నంబరుల ఎవలెత్తుతరని. పొగరు జవాబిస్తున్నడని నాకు రాసి పంపిండ్రు. ఇంకోసారి అడుగున్రి అన్న. నేనన్నది గంతే. ఇంకోసారి అడుగున్రని."

"ఏం జవాబిచ్చిండు?"

"పొద్దున నువ్వు పోయినంక ఆ రికార్డు పెట్టుకొని ఇన్న. మోటరు సార్, అంటుండు. మోటరు ఎత్తుతది సార్, మా అవ్వ కోసం సార్. మొత్తం గదే మాట. వాండ్లు నవ్వుతున్నరు. ఎగతాళి చేస్తుండనుకున్నరు." అతను ముఖం తుడుచుకున్నాడు. "నిజమో కాదో కండ్లతోని సూద్దామని వచ్చిన."

"కుమార్ ఏడి సార్?"

"మొన్న మాపటీలి పానం పోయింది. దవాఖాన శవాల గదిల ఉన్నడు. పేరు రాపియ్యలేదు."

రేణుక డబ్బా బిగించిన కర్రను పట్టుకుంది. పోశాలు తల పక్కకు తిప్పుకున్నాడు.

"ఈ మాట మీరు రాసియ్యాలె."

"నేను రాసిచ్చేదాక ఈ డబ్బ ఇక్కడ ఉండదు. నేను గాకుంటే ఇంకొగడు వస్తడు రాత్రికి. నువ్విక్కడున్నవని వాండ్లకు ఎరుకే. నీ ఫోను చెప్తనే ఉంటది." అతను లేచి, మోటరు దిక్కు చూడకుండా కారు వైపు నడిచాడు.

"పోశాలు, డబ్బను ఇడువకు. నేను చెప్పేదాక ఎవల్ని ముట్టనియ్యకు," అంది రేణుక.

పైపు దగ్గర చంద్రమ్మ నీళ్లల్లో చెయ్యి పెట్టి నిలబడే ఉంది. పాదాలు మునిగాయి. వాలిపోయిన చెట్ల మొదళ్లలోకి నీళ్లు పాకుతున్నాయి. ఆమె ముఖంలోని నవ్వు ఇంకా పోలేదు, కానీ కొంచెం కొంచెంగా సడలుతోంది.

"ఇంక ఆగుతలేదేంది బిడ్డా? జర ఎక్కువసేపు సూస్తున్నట్టున్నడు."

ఎర్ర మీట రేణుక చేతికి జానెడు దూరంలో ఉంది. ఒక్కసారి నొక్కితే నీళ్లు ఆగుతాయి. పక్కనున్న పచ్చ మీట నొక్కితే మళ్లీ వస్తాయి. ఆ తల్లి ఈ పూట అన్నం తింటుంది. రేపు పొద్దున దాకా కొడుకు ఉంటాడు. రేణుక వేలు మీట మీదికి పోయింది. జ్వరంతో పాట అడిగిన తన పిల్ల గొంతు చెవిలో మెదిలింది. ఆ తల్లి గడపలో కూర్చుని, ఆమె ఏడుపును ఆమెకే ఏడ్చి చూపించిన ఇద్దరూ గుర్తొచ్చారు. ఈ మీట నొక్కితే తను మూడో మనిషి.

వేలు వెనక్కి తీసుకుంది. టోపీ గట్టు మీదే వదిలేసి, బూట్లు విడిచి, నీళ్లల్లోకి నడిచింది. చంద్రమ్మ ఆమెను చూడలేదు. చెవి మోటరు వైపే పెట్టి, ఆగగానే అడగడానికి నోట్లో మాట సిద్ధంగా పట్టుకుని ఉంది.

"అవ్వా," అంది రేణుక.

మోటరు ఆగలేదు.